బొగ్గుబాయి ఊళ్లలో వాక్యం, వ్యాఖ్యానం

సింగరేణి బొగ్గు ప్రాంతంలోని క్రైస్తవ సంఘాలు తమ చుట్టూ ఉన్న సంస్కృతి గురించి, రాజకీయాల గురించి, సంఘం లోపలి నడవడి గురించి తరతరాలుగా చేస్తున్న సంప్రదాయవాద వ్యాఖ్యానం ఈ వ్యాసానికి విషయం. రామగుండం, గోదావరిఖని దీనికి కేంద్రాలు. నది అవతల మంచిర్యాల, మందమర్రి, బెల్లంపల్లి, దక్షిణాన కొత్తగూడెం, ఇల్లందు కూడా ఇందులోకి వస్తాయి. ఈ వ్యాఖ్యానంలో అచ్చయింది తక్కువ, పలికింది ఎక్కువ. ఆదివారపు వాక్యోపదేశంలో, ఉపవాస ప్రార్థనలో, వీధి చివర షామియానా కింద ఉజ్జీవ సభలో, కంపెనీ క్వార్టర్ ముందు గదిలో పెట్టుకునే గృహకూటంలో ఇది వినిపిస్తుంది.

సంప్రదాయవాద క్రైస్తవం అనగానే ఒక పార్టీనీ, ఒక ఓటు బ్యాంకునూ ఊహించుకోవడం అమెరికా వార్తలు నేర్పిన అలవాటు. అక్కడ 1979లో ‘మోరల్ మెజారిటీ’ అనే సంస్థ పుట్టాక గర్భస్రావం, బడిలో ప్రార్థన వంటివి ఎన్నికల అంశాలయ్యాయి. ఇక్కడ లెక్క వేరు. మన దేశంలో గర్భస్రావ చట్టం 1971లోనే వచ్చింది. కతోలిక గురువులు దాన్ని తప్పుపడుతూనే ఉన్నా, తెలుగు ప్రొటెస్టెంటు వేదికల మీద అది ఏనాడూ ఓటు మాట కాలేదు. ఇంట్లో సీరియల్ పెట్టనివ్వని విశ్వాసి బాయి మీద ఎర్రజెండా యూనియన్‌కు చందా కట్టడం ఈ ఊళ్లలో వింతేమీ కాదు. ఇక్కడి సంప్రదాయవాదం తేల్చుకోవలసి వచ్చినవి తాగుడు, అప్పు, ఆదివారం డ్యూటీ, పండుగ ప్రసాదం, కులం సర్టిఫికెట్. దానికి రూపం ఇచ్చింది వేదాంత గ్రంథాల కంటే పేస్లిప్పే అనడం అతిశయోక్తి కాదు.

బొగ్గు లైను, డోర్నకల్ పీఠం

ఇల్లందు దగ్గర బొగ్గు ఉందని 1871లో భారత భూవిజ్ఞాన సర్వేకు చెందిన విలియం కింగ్ గుర్తించాడు. 1886లో ఇంగ్లండులో ఏర్పడిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకం హక్కులు తీసుకుంది. 1889లో బొగ్గు బయటికి రావడం మొదలైంది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఆ పేరుతో నమోదైంది. ఏటా ఆ తేదీనే సింగరేణి దినోత్సవం జరుపుతారు కాబట్టి, బొగ్గు ఊళ్లలో కంపెనీ పండుగ, క్రిస్మస్ ఒకే వారంలో పడతాయి.

ఇల్లందు బొగ్గు బయటి ప్రపంచానికి చేరే దారిలో ప్రధాన రైలు మార్గాన్ని కలిసే చోటు డోర్నకల్. తిరునెల్వేలి క్రైస్తవులు 1903లో తమ డబ్బుతో, తమ మనుషులతో స్థాపించుకున్న ఇండియన్ మిషనరీ సొసైటీ తన పనికి ఈ ప్రాంతాన్నే ఎంచుకుంది. ఆ సంస్థ స్థాపకుల్లో ఒకరైన వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1909లో డోర్నకల్ వచ్చి, తెలుగు నేర్చుకుని, ఇక్కడే ఉండిపోయారు. 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో ఆయనకు బిషప్ అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ ఆయనే. 1945 జనవరి 1న కన్నుమూసేనాటికి ఆయన పీఠంలో విశ్వాసుల సంఖ్య రెండు లక్షలు దాటింది. వారిలో అత్యధికులు మాలలు, మాదిగలు.

బొగ్గు ప్రాంతపు క్రైస్తవ వ్యాఖ్యానానికి ఒరవడి పెట్టింది అజరయ్యే. మురికి, రోగం, అప్పు, తాగుడు అనే నాలుగింటిని ఆయన పల్లె సంఘానికి శత్రువులుగా చూపించేవారు. ఈ జాబితాలో రాజకీయం లేదు, సిద్ధాంత భేదం లేదు. ఉన్నదంతా ఇంటి గడప లోపలి సంగతే. సంస్కృతి విషయంలో ఆయన మొండి మనిషి కాదు. బైబిలు కథలను పాటలుగా, నాటకాలుగా ఆడించడాన్ని, దేశీయ రాగాల్లో ఆరాధించడాన్ని ప్రోత్సహించారు. 1939లో పూర్తయిన డోర్నకల్ ఎపిఫనీ కెథడ్రల్‌ను చూస్తే ఆ మనసు తెలుస్తుంది. గుడి స్తంభాలు, మసీదు గుమ్మటాలు, శిలువ ఒకే కట్టడంలో ఉంటాయి. అదే అజరయ్య పల్లె సంఘాల్లో తాగుడు విషయంలో, బాల్యవివాహం విషయంలో, సంఘం లోపల కులం పాటించే విషయంలో ఏ మాత్రం సడలింపు ఇవ్వలేదు. రూపంలో ఉదారం, నడవడిలో కఠినం. ఆయన తరువాతి బోధకుల్లో చాలామంది ఈ జోడింపును నిలుపుకోలేకపోయారు. నడవడి కఠినత్వం మిగిలింది, రూపంలోని ఉదారం పలచబడింది.

రాజకీయాల్లోనూ ఆయన దారి ఇవాళ్టి పెట్టెల్లో ఇమడదు. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు ఇవ్వడాన్ని 1930లలో వ్యతిరేకించారు. సంఘం ఒక ఓటు గుంపుగా మారితే సువార్తకు చేటు అన్నది ఆయన వాదన. అయినా సామూహిక మతాంతరీకరణల విషయంలో గాంధీతో ఆయనకు తీవ్రమైన విభేదం నడిచింది. 1935 అక్టోబరులో యేవలాలో అంబేడ్కర్ హిందువుగా చావనని ప్రకటించిన తరువాత దళితులు ఎటు వెళ్తారన్న చర్చ దేశమంతా సాగిన రోజులవి. డోర్నకల్ పల్లెల్లో జరుగుతున్నది ఆ చర్చలో ప్రస్తావనకు వచ్చేది.

1947 సెప్టెంబరు 27న ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటీరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) ఏర్పడింది. మెదక్ వైపు నుంచి వచ్చిన వెస్లియన్ మెథడిస్టుల వారసత్వం, డోర్నకల్ ఆంగ్లికన్ వారసత్వం అలా ఒక గొడుగు కిందికి చేరాయి. 1978లో కరీంనగర్ అధ్యక్ష మండలం విడిగా ఏర్పడింది. రామగుండం ప్రాంతపు సీఎస్ఐ సంఘాలు దీని నీడలోనే ఉన్నాయి.

ఏటికి రెండు ఒడ్లు

గోదావరిఖని పాత ఊరు కాదు. 1960ల మొదట్లో గనులు తెరుచుకున్నాక, బతుకుతెరువు కోసం వచ్చినవాళ్లతో పెరిగింది. ఆ తరువాత ఎరువుల కర్మాగారం వచ్చింది, 1983లో ఎన్టీపీసీ తొలి యూనిట్ వెలిగింది. వచ్చినవాళ్లు తమ తమ ఊళ్ల సంఘాలను వెంట తెచ్చుకున్నారు. అందుకే ఒకే కాలనీలో సీఎస్ఐ గుడి, బాప్టిస్టు మందిరం, పెంతెకొస్తు షెడ్డు, బక్త్ సింగ్ హెబ్రోను తరహా సహవాసం, క్రీస్తు సంఘం పక్కపక్కనే కనిపిస్తాయి.

కతోలికుల సంగతి మరీ చిత్రం. నదికి దక్షిణాన ఉన్న గోదావరిఖని లాటిన్ ఆచారానికి చెందిన వరంగల్ మేత్రాసనం కిందికి వస్తుంది. 1952లో ఏర్పడిన ఆ పీఠానికి తొలి బిషప్ ఇటలీ నుంచి వచ్చిన అల్ఫోన్సో బెరెట్టా. వంతెన దాటి మంచిర్యాల వెళ్తే కేరళ మూలాల సీరో మలబార్ ఆచారానికి చెందిన ఆదిలాబాద్ పీఠం. అది చాందా పీఠం నుంచి 1999లో విడిపడింది. ఒకే కంపెనీ, ఒకే రకం గనులు, ఒకే భాష. పూజా క్రమం మాత్రం ఏరు దాటగానే మారుతుంది. బొగ్గు ఊళ్ల కతోలిక వ్యాఖ్యానం ప్రొటెస్టెంట్ల కంటే నెమ్మదిగా వినిపించడానికి ఒక కారణం దాని బలమంతా బళ్లలో, ఆసుపత్రుల్లో ఉండడం. నోటితో గద్దించే పని పెంతెకొస్తు బోధకులే ఎక్కువగా తీసుకున్నారు.

ప్లే డే మస్టర్, లాభాల వాటా

గనుల్లో పని సాధారణంగా మూడు షిఫ్టుల్లో నడుస్తుంది: ఉదయం 7, మధ్యాహ్నం 3, రాత్రి 11. వారపు సెలవు రోజున డ్యూటీకి పిలిస్తే దాన్ని ‘ప్లే డే’ అంటారు. ఆ మస్టర్‌కు, అంటే ఆ రోజు హాజరుకు, రెట్టింపు వేతనం. పిల్లల ఫీజులు, చీటీ వాయిదాలు, వడ్డీలు నెత్తిన ఉన్న కార్మికుడికి ప్లే డే చిన్న సంగతి కాదు. ప్లే డేలు తగ్గించారని యూనియన్లు కంపెనీతో పేచీ పడతాయి. సరిగ్గా అదే రోజు పొద్దున మందిరంలో విశ్రాంతి దినం గురించి వాక్యం వినిపిస్తుంది.

దీనికి సంఘాలు ఇచ్చే జవాబులు మూడు తీరులుగా ఉంటాయి. కఠినమైన సహవాసాలు రెట్టింపు కూలిని శోధనగా చూస్తాయి. ఆదివారం మస్టర్ పడితే పెద్దలు ఇంటికొచ్చి అడుగుతారు. సీఎస్ఐ అయ్యగార్లు చాలావరకు చూసీ చూడనట్టు ఊరుకుంటారు. విశ్రాంతి దినాన గుంటలో పడ్డ ఎద్దును పైకి తీయడంలో తప్పు లేదన్న సువార్త మాట వారికి ఆసరా. మూడో దారి పెంతెకొస్తు సంఘాలది. వాళ్లు ఆరాధన వేళనే మార్చేశారు. తెల్లవారుజామున ఒక ఆరాధన, సాయంత్రం ఒకటి పెడితే ఏ షిఫ్టువాడికైనా ఒకటి దొరుకుతుంది. సిద్ధాంతం దగ్గర రాజీ పడకుండా గడియారం దగ్గర రాజీ పడిన ఈ పద్ధతే ఎక్కువగా నిలబడింది. షిఫ్టు కార్మికులను పోగొట్టుకోకుండా ఉండడానికి ఇంతకంటే తెలివైన మార్గం ఇంకొకటి కనిపించదు.

దసరా ముందు వచ్చే లాభాల వాటా ఇంకో పరీక్ష. కంపెనీ తన లాభంలో కొంత శాతం కార్మికులకు పంచుతుంది. 2023–24 లాభాల మీద అది 33 శాతం. ఈ డబ్బు ఖాతాలో పడే వారంలో గోదావరిఖని బజారులో బట్టల కొట్లు, బంగారం కొట్లు, మద్యం దుకాణాలు ఒక్కటిగా కళకళలాడతాయి. ఆ వారం వాక్యం దేని గురించి ఉంటుందో ఎవరైనా చెప్పగలరు: దశమభాగం. జీతంలో పదోవంతు ఇచ్చేవాడు లాభాల వాటాలోనూ పదోవంతు ఇవ్వాలా? బోనస్ కూడా రాబడే కదా అని బోధకులు, అప్పు తీర్చాక మిగిలితే కదా అని విశ్వాసులు. ఇస్తే వంద రెట్లు వస్తుందని చెప్పే సమృద్ధి సువార్త 1990ల తరువాత టీవీల ద్వారా ఇక్కడికీ వచ్చింది. దాన్ని గట్టిగా ఎదిరించింది కూడా సంప్రదాయవాదులే. వడ్డీకి తెచ్చి కానుక వేయడం కానుక కాదని, ముందు తాకట్టు పెట్టిన బ్యాంకు కార్డు వడ్డీ వ్యాపారి చేతిలోంచి వెనక్కి తెచ్చుకోమని చెప్పిన బోధకులు ఈ పట్టణాల్లో ఉన్నారు. మొత్తం బొగ్గు ప్రాంతపు వ్యాఖ్యానంలో అత్యంత ఉపయోగపడే భాగం ఇదేనేమో. విచిత్రంగా, దీన్ని ఎవరూ రికార్డు చేసి పెట్టలేదు.

తాగుడు విషయంలో మందిరం ఒంటరి కాదు. 1981లో 56 రోజుల సమ్మె తరువాత పుట్టిన విప్లవ సంఘం సింగరేణి కార్మిక సమాఖ్య, జనం నోట ‘సికాస’, సారా కాంట్రాక్టర్ల దౌర్జన్యం మీద నిప్పులు చెరిగింది. హనుమాన్ దీక్ష, అయ్యప్ప దీక్ష వేసుకున్న కార్మికుడు 41 రోజులు మందు ముట్టడు. విప్లవకారుడు, గురుస్వామి, పాస్టరు ఒకరినొకరు గుర్తించకపోయినా, ఒకే సీసాతో ముగ్గురికీ వైరం. తేడా అల్లా గడువులో ఉంది. దీక్షకు ముగింపు రోజు ఉంటుంది, బాప్తిస్మానికి ఉండదని బోధకులు చెప్పుకుంటారు. మారుమనస్సు పొంది మళ్లీ సీసా పట్టినవాళ్లను తిరిగి సంఘంలో కలుపుకునే కూటాలు ఏటా జరుగుతూనే ఉంటాయన్న సంగతి మాత్రం ఆ మాటకు అడ్డు వస్తుంది.

ప్రమాదాల గురించి ఒక మాట. 2003 జూన్ 16న గోదావరిఖని 7ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు దూసుకొచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. ఇలాంటి చావు తరువాత ‘ఎవరి పాపం’ అనే ప్రశ్న ఏ మతంలోనైనా లేస్తుంది. సిలోయము గోపురం కూలి చనిపోయిన 18 మంది మిగతావాళ్ల కంటే పాపాత్ములు కారని లూకా సువార్త 13వ అధ్యాయంలో యేసు చెప్పిన మాట గని ఊరి బోధకుడికి ఇంతకంటే దగ్గరగా ఎక్కడా దొరకదు. తీర్పు భాష వదిలి ఈ అధ్యాయం పట్టుకున్న బోధకుడు, రక్షణ నిబంధనలు పాటించని యాజమాన్యం గురించి కూడా మాట్లాడక తప్పదు. అక్కడ సంప్రదాయవాదానికి, యూనియన్‌కు మధ్య గోడ కాసేపు కూలుతుంది.

ప్రసాదం, బతుకమ్మ, సెమీ క్రిస్మస్

చాలా గనుల దగ్గర చిన్న గుడి ఉంటుంది. దిగేముందు మొక్కుకుని దిగేవారే ఎక్కువ. కొత్త యంత్రానికి కొబ్బరికాయ కొడతారు, దసరాకు ఆయుధపూజ చేస్తారు. టబ్బులకూ యంత్రాలకూ పసుపు కుంకుమ పెట్టి, తోటి కార్మికుడు కొబ్బరి ముక్క, పులిహోర ఆకులో పెట్టి చేతికిస్తే క్రైస్తవ కార్మికుడు ఏం చేయాలి? కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 8వ అధ్యాయం ఈ ఊళ్లలో పురాతన గ్రీకు పట్టణపు సంగతిలా కాక, నిన్నటి షిఫ్టు సంగతిలా వినిపించడానికి కారణం ఇదే. విగ్రహార్పితం ముట్టరాదని ఒకరు. అన్నం అన్నమే, మనసు ముఖ్యం అని ఒకరు. తీసుకుని పక్కన పెట్టెయ్, గొడవ పడకు అని ఇంకొకరు. నిజానికి చాలామంది చేసేది మూడోదే. గని లోపల ఒకరి ప్రాణం ఒకరి చేతిలో ఉంటుంది. పైకప్పుకు సపోర్టు కట్టే మనిషితో ప్రసాదం దగ్గర తగవు పెట్టుకోవడం ఎవరికీ మంచిది కాదు.

బతుకమ్మ ఇంతకంటే చిక్కు. 2014లో తెలంగాణ ఏర్పడగానే ప్రభుత్వం దాన్ని రాష్ట్ర పండుగ చేసింది, 2017 నుంచి చీరలు పంచింది. పూల పండుగా, పూజా? గౌరమ్మను పసుపుతో చేసి పెట్టాక అది ఆరాధనే అని కఠినంగా ఉండే సంఘాలు తమ స్త్రీలను ఆటకు వెళ్లనివ్వవు. ఉద్యమ కాలంలో, ముఖ్యంగా 2011 సెప్టెంబరు 13న మొదలైన సకల జనుల సమ్మెలో సింగరేణి పని ఆపినప్పుడు, బతుకమ్మ ఆడడం తెలంగాణ అని చాటుకోవడం కూడా. అప్పుడు ఆడినవాళ్లను ఏమనాలో తెలియక చాలామంది బోధకులు ఊరుకున్నారు. రెండేళ్లకోసారి ఇక్కడి గోదావరి ఒడ్డున జరిగే సమ్మక్క సారలమ్మ జాతర విషయంలో మాత్రం ఈ తడబాటు లేదు. అది పూర్తిగా మొక్కుల పండుగ కాబట్టి గీత స్పష్టంగా పడుతుంది.

లోపలి పండుగల మీద విమర్శ బయటి పండుగల మీద కంటే పదునుగా ఉంటుంది. డిసెంబరు మొదటి వారం నుంచి ఆఫీసుల్లో, కాలనీల్లో, పార్టీ నాయకుల చేతుల మీదుగా జరిగే ‘సెమీ క్రిస్మస్’ కేకు కోతలను పాత తరం పెద్దలు నవ్వులాటగా చూస్తారు. క్రీస్తు సంఘాలవారు, విశాఖ నుంచి పి. డి. సుందరరావు నడిపిన బైబిలు అధ్యయన ధోరణివారు అసలు డిసెంబరు 25కే బైబిలులో ఆధారం లేదంటారు. క్రీస్తు సంఘాల్లో ఆరాధనకు వాయిద్యాలు కూడా వాడరు. దీనికి పూర్తి ఎదురుగా గుంటూరు హోసన్నా మినిస్ట్రీస్ ఏటా విడుదల చేసే కొత్త పాటలు సింగరేణి కాలనీల్లో ఊరేగుతాయి. సినిమా బాణీ అని పెద్దలు గొణుగుతూనే ఉంటారు, వాళ్ల మనవరాళ్లే కోరస్‌లో పాడుతుంటారు. సినిమా మీద గురి పెట్టిన బోధకులకు ‘కరుణామయుడు’ (1978) ఎప్పుడూ ఇరకాటమే. విజయచందర్ యేసుగా నటించిన ఆ సినిమాను ఊరూరా తెర కట్టి చూపించింది సువార్తికులే మరి.

ఎర్రజెండా, కులం సర్టిఫికెట్

సమ్మె వచ్చినప్పుడు రెండు లేఖనాలు ఎదురెదురు నిలబడతాయి. అధికారులకు లోబడమన్న రోమా పత్రిక 13వ అధ్యాయం ఒకవైపు. పనివాళ్లకు ఎగ్గొట్టిన కూలి దేవుని చెవిలో మొరపెడుతుందన్న యాకోబు పత్రిక 5వ అధ్యాయం మరోవైపు. మొదటిది మిషనరీ కాలం నుంచి వచ్చిన అలవాటు, రెండోది బాయి మీది అనుభవం. సింగరేణిలో 1998 నుంచి గుర్తింపు సంఘాన్ని రహస్య ఓటుతో ఎన్నుకుంటున్నారు. 2012, 2017లలో తెలంగాణ బొగ్గు గని కార్మిక సంఘం గెలిచింది, 2023 డిసెంబరులో ఎర్రజెండా ఏఐటీయూసీ మళ్లీ గెలిచింది. ఏ యూనియన్‌కు ఓటు వేయాలో మందిరం చెప్పదు. నాస్తికుల జెండా మోయవద్దని హెచ్చరించే బోధకులూ, తమ కొడుక్కి కారుణ్య నియామకం కోసం అదే యూనియన్ ఆఫీసు మెట్లెక్కుతారు. దీన్ని కపటమని కొట్టేయడం తేలిక. దేవుడి పనిని, పేస్లిప్పు పనిని వేరువేరు ఖాతాల్లో రాసుకునే పద్ధతి అది. ఎదురుగా ఉన్న కామ్రేడ్ కూడా ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేయించుకునే నేల మీద దానికి ప్రత్యేకంగా సిగ్గుపడవలసినదేమీ లేదు.

అసలు మింగుడు పడని విషయం కులం సర్టిఫికెట్. 1950 నాటి రాజ్యాంగ ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. తెలుగు రాష్ట్రాల్లో క్రైస్తవం తీసుకున్న ఎస్సీలు, వారి సంతతి బీసీ-సీ కిందికి వస్తారు. వాటా ఒక్క శాతం. పెద్దపల్లి లోక్‌సభ స్థానం, చెన్నూరు, బెల్లంపల్లి శాసనసభ స్థానాలు ఎస్సీ రిజర్వుడు. కంపెనీ ఉద్యోగాల్లోనూ రిజర్వేషన్ ఉంది. కాబట్టి ఆదివారం మందిరంలో కూర్చునేవారిలో చాలామంది కాగితం మీద హిందువులే. 2011 జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు 1.34 శాతంగా తేలడంలో ఈ కాగితానికి పెద్ద పాత్రే ఉంది.

సంప్రదాయవాద బోధకులు ఇక్కడ రెండుగా చీలతారు. సర్టిఫికెట్‌లో ఒకటి, బాప్తిస్మంలో ఒకటి రాయించుకోవడం అబద్ధ సాక్ష్యమని, నష్టపోయినా నిజం చెప్పాలని ఒక వర్గం. కులం మతం మారినంత మాత్రాన పోదు, శ్మశానం దగ్గరి నుంచి పెళ్లి సంబంధం దాకా అది వెంట వస్తూనే ఉంది, కాబట్టి హక్కు వదులుకోవడం న్యాయం కాదని ఇంకో వర్గం. మొదటి వాదన వినడానికి పవిత్రంగా ఉంటుంది. దాని ధర చెల్లించేది మాత్రం బోధకుడు కాదు, డిగ్రీ చదివే అమ్మాయి. 1985లో సూసై కేసు నుంచి 2024 నవంబరులో సెల్వరాణి కేసు దాకా సుప్రీంకోర్టు మొదటి వైపే మొగ్గింది. 2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, పాస్టరుగా ఉన్న వ్యక్తి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద రక్షణ కోరలేడని తేల్చింది. కేంద్రం 2022 అక్టోబరులో ఈ ప్రశ్న మీదే జస్టిస్ కె. జి. బాలకృష్ణన్ కమిషన్‌ను వేసింది. అదే ఏడాది ఆగస్టులో హైదరాబాద్ ఆర్చిబిషప్ పూల అంతోని కార్డినల్ అయ్యారు. తొలి దళిత కార్డినల్, తొలి తెలుగు కార్డినల్ కూడా ఆయనే.

ప్రభుత్వ ఆదరణ గురించి కూడా వ్యాఖ్యానం ఏకగ్రీవంగా లేదు. తెలంగాణ ప్రభుత్వం 2014 నుంచి క్రిస్మస్ విందులు, దుస్తుల పంపిణీ మొదలుపెట్టింది. పక్క రాష్ట్రంలో జగన్ ప్రభుత్వం పాస్టర్లకు నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం ఇచ్చింది. గుర్తింపు దక్కిందని సంతోషించినవారు ఎక్కువ. కైసరు చేతి కూడు తిన్న ప్రవక్త కైసరును గద్దించలేడని అన్నవారు తక్కువ. వారే నిజమైన సంప్రదాయవాదులు అనిపిస్తుంది.

ఎదుటి వైపు హిందూ సంప్రదాయవాదం కూడా ఈ పదేళ్లలో గొంతు పెంచింది. 2024 ఏప్రిల్‌లో మంచిర్యాల జిల్లా లక్షెట్టిపేట ప్రాంతంలోని కన్నెపల్లిలో ఒక కతోలిక బడికి కొందరు పిల్లలు హనుమాన్ దీక్ష దుస్తుల్లో వచ్చారు. తల్లిదండ్రులను తీసుకురమ్మని ప్రిన్సిపల్ చెప్పిన మాట, దీక్ష వద్దన్నారనే ప్రచారంగా మారింది. గుంపు బడి మీద పడి అద్దాలు పగలగొట్టింది, ఒక గురువుకు బలవంతంగా తిలకం దిద్దింది. పోలీసులు బడి యాజమాన్యం మీద కూడా కేసు పెట్టారు. ఏకరూప దుస్తులు బడి క్రమశిక్షణా, మత వివక్షా అన్న ప్రశ్నకు ఇరువైపులా ఒకే భాష వాడారు: మా విశ్వాసానికి అవమానం.

సంఘం లోపలి తగవులు

బక్త్ సింగ్ 1950లో హైదరాబాద్‌లో నెలకొల్పిన హెబ్రోను నుంచి వచ్చిన సహవాసాలు రెవరెండు బిరుదులు, నిర్ణీత జీతాలు వద్దంటాయి. స్త్రీలు ముసుగు వేసుకుంటారు, ఆరాధన తరువాత అందరూ ఒకే బంతిలో ప్రేమవిందు తింటారు. ఈ సంఘాల కంటికి సీఎస్ఐ ఒక ఆఫీసు. ఆ ఆఫీసు మీద విమర్శకు సీఎస్ఐ తానే కావలసినంత సరుకు ఇచ్చింది: బిషప్పుల పదవీ విరమణ వయసును 67 నుంచి 70కి పెంచే సవరణ, 2023 సినడ్ ఎన్నికలు మద్రాసు హైకోర్టు దాకా వెళ్లాయి. అదే సీఎస్ఐ 2013లో నంద్యాలలో ఇ. పుష్పలలితను బిషప్ చేసింది. భారతదేశంలో ఆ సంఘానికి ఆమె తొలి మహిళా బిషప్. స్త్రీ వేదిక ఎక్కి బోధించరాదనే సంఘాలు ముక్కున వేలేసుకున్నాయి. అవే సంఘాల్లో వారం మధ్య కూటాలు నడిపేది, ఇల్లిల్లూ తిరిగి ప్రార్థించేది, తాగివచ్చిన భర్త గురించి మొదట కబురు అందుకునేది పాస్టరమ్మే.

1835లో బళ్లారి నుంచి వచ్చిన ‘సత్యదూత’ తెలుగులో తొలి పత్రికగా పేరు పొందింది. తెలుగు క్రైస్తవ వ్యాఖ్యానం అంత పాతది. బొగ్గు ఊళ్లకు మాత్రం అది పత్రికగా కంటే విశ్వవాణి రేడియోగా, క్యాసెట్టుగా, ఆరాధన, శుభవార్త వంటి టీవీ ఛానెళ్లుగా, చివరికి ఫోన్‌గా చేరింది. ఫోన్ వచ్చాక రాత్రి షిఫ్టు నుంచి వచ్చిన కార్మికుడు హైదరాబాద్ బోధకుడి ప్రసంగం వింటాడు, రంజిత్ ఓఫీర్ వంటి బోధకుల మీద జరిగే సిద్ధాంత వాదాలు చూస్తాడు, ఆదివారం తన పాస్టరును ఆ ప్రశ్నలే అడుగుతాడు. 2025 మార్చిలో రాజమహేంద్రవరం దగ్గర బోధకుడు ప్రవీణ్ పగడాల మరణించినప్పుడు తెలుగు రాష్ట్రాల్లో నిరసనలు లేచాయి. పోలీసులు రోడ్డు ప్రమాదమని తేల్చినా మాటల యుద్ధం నెలల తరబడి సాగింది.

కాలనీల్లోని చిన్న స్వతంత్ర సంఘాలకు ఆ యుద్ధాల కంటే తలపై కప్పు పెద్ద సమస్య. ఇలాంటి సంఘాల్లో కొన్నింటిని నడిపేది కంపెనీలో డ్యూటీ చేస్తూ సేవ చేసే ఉద్యోగులే. పదవీ విరమణ వయసు 2021లో 60 నుంచి 61కి పెరిగింది. రిటైరైన రోజు నుంచి పూర్తికాలం సేవ చేయవచ్చు, కానీ క్వార్టర్ ఖాళీ చేయాలి. ముందు గదిలో ఏళ్ల తరబడి నడిచిన కూటం అద్దె షెడ్డుకో, ఊరి చివర వాయిదాల మీద కొన్న జాగాకో మారుతుంది. అక్కడికి నడిచి రాలేని వృద్ధులు దగ్గర్లోని ఇంకో సంఘంలో చేరిపోతారు.